ఎవరు రాయమన్నారు?

మా పేజీకి వచ్చే కవితల కింద, పాటల కింద, సాక్ష్యాల కింద తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది. "ఇది నా పేరు కోసం కాదు, కేవలం దేవుని మహిమ కొరకే రాశాను." దాని కిందే పూర్తి పేరు, చదువు, ఉద్యోగం, సంఘం పేరు, ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో ఉంటాయి. నవ్వడానికి చెప్పడం లేదు. ఆ వాక్యం రాసినవారు అబద్ధమాడుతున్నారనీ అనడం లేదు. రాయాలన్న కోరిక తనలో ఎక్కడినుంచి పుట్టిందో వెదుక్కున్న ప్రతి విశ్వాసికీ కొంచెం భయం వేస్తుంది. అక్కడ దేవుడొక్కడే లేడని, తానూ ఉన్నానని తెలుస్తుంది. అందుకే ముందుగానే ఒక హామీ రాసి పంపుతారు.

ఇంకో రకం ఉత్తరాలు కూడా వస్తాయి. "నేను రాస్తుంటే ఇంట్లో ఎవరు రాయమన్నారు నిన్ను అంటున్నారు. ఈ టైములో నాలుగు అధ్యాయాలు చదువుకోవచ్చు కదా అంటున్నారు. నేను చేస్తున్నది తప్పా?" ఈ ప్రశ్న ఎక్కువగా స్త్రీల దగ్గరనుంచి వస్తుంది. పిల్లలు పడుకున్నాక, పాలవాడి లెక్కలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేవాళ్ళ దగ్గరనుంచి.

మనిషి ఎందుకు రాస్తాడు? ఉద్యోగం కాదు, పరీక్ష కాదు, జీతం లేదు. అయినా కూర్చుని ఒక పాట కడతాడు, కథ అల్లుతాడు, కొట్టేసి మళ్ళీ రాస్తాడు. దీనికి ఒక్క కారణం చెప్పి ముగించేవాళ్ళను నమ్మలేం. మన చేతిలో ఉన్న బైబిలే అరవై ఆరు పుస్తకాల్లో ఎన్నో రకాల కారణాలు చూపిస్తుంది.

లూకా సంగతే చూడండి. సువార్త మొదటి నాలుగు వచనాల్లో తాను ఎందుకు కలం పట్టాడో ఆయనే చెప్పుకున్నాడు. అప్పటికే అనేకులు ఈ సంగతులు రాయబూనారని ఒప్పుకున్నాడు. మనలాంటివాళ్ళమైతే అక్కడే ఆగిపోతాం. ఇంతమంది రాశాక నేనెందుకు అని. లూకా ఆగలేదు. అన్నీ మొదటినుంచి జాగ్రత్తగా విచారించి, ఒక వరుసలో పెట్టి, థెయొఫిలా అనే ఒక్క మనిషికి తాను నేర్చుకున్నది నిశ్చయమని తెలియాలని రాశాడు. లోకమంతా చదవాలని ఆయన అక్కడ చెప్పలేదు. ఒక్క మనిషి కోసం మొదలుపెట్టిన రచన అది.

యిర్మీయా సంగతి వేరు. ఆయనకు చెప్పాలని లేదు. చెప్పినప్పుడల్లా ఎగతాళి, దెబ్బలు, బొండ. ఇక ఆ పేరు ఎత్తను అనుకున్నాడు. అనుకున్నాక ఏమైందో 20వ అధ్యాయంలో ఉంది. ఎముకల్లో మూసిపెట్టిన అగ్నిలా మారింది, ఓర్చుకోలేకపోయాడు. రాసేవాళ్ళలో కొందరికి ఈ సంగతి వివరించక్కర్లేదు. చూసిన అన్యాయం, విన్న ఏడుపు, బయటికి రాకపోతే నిద్ర పట్టనివ్వదు.

36వ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు మిగతావాటి కంటే ఒక దృశ్యం ఎక్కువగా గుర్తుంటుంది. చలికాలం. రాజైన యెహోయాకీము కుంపటి ముందు కూర్చున్నాడు. యెహూది గ్రంథపు చుట్టను చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో ఆ మేరకు కోసి కుంపటిలో వేయడం. మళ్ళీ మూడు నాలుగు పుటలు, మళ్ళీ చాకు. కాల్చవద్దని ముగ్గురు బతిమాలినా వినలేదు. యిర్మీయా చెబుతుంటే బారూకు సిరాతో రాసిన మాటలన్నీ బూడిదయ్యాయి. ఆ తర్వాత వాళ్ళు ఇంకొక చుట్ట తీసుకున్నారు. కాలిపోయిన మాటలన్నీ మళ్ళీ రాశారు, అలాంటి మాటలు ఇంకా అనేకం చేర్చారు. ఆ చివరి ముక్క చూశారా? రెండో ప్రతి మొదటిదానికంటే పెద్దది.

పేరు కోసం రాసేవాడు మొదటి ప్రతి కాలినప్పుడే మానేస్తాడు అనవచ్చు. కానీ ఆ రాసిన చేతి సంగతి కూడా బైబిలు దాచలేదు. 45వ అధ్యాయం చాలా చిన్నది, అయిదే వచనాలు, మనం ఆగకుండా దాటిపోతాం. ఆ అధ్యాయమంతా బారూకు కోసమే. ఆ మాటలు రాసిన సంవత్సరంలోనే బారూకు అలిసిపోయాడు, మూల్గి మూల్గి నాకు నెమ్మది లేదన్నాడు. దేవుడు అతని మనసులో ఏముందో అడిగాడు. నీకోసం గొప్పవాటిని వెదుక్కుంటున్నావా, వెదకవద్దు అన్నాడు. అంటే బారూకు వెదుక్కున్నాడనే కదా. ప్రవక్త పక్కన కూర్చుని దేవుని మాటలు రాస్తున్న మనిషికి కూడా తనకంటూ ఏదో కావాలనిపించింది. దేవుడు ఆ కోరికను సరిచేశాడు, కానీ అతని చేతిలో కలం లాక్కోలేదు. ప్రాణం దక్కుతుందని మాటిచ్చాడు. అతని పేరును కూడా గ్రంథంలో ఉంచాడు.

ఇంకొక రాతగాడు రోమీయులకు రాసిన పత్రిక చివర ఉన్నాడు. పదహారు అధ్యాయాలు పౌలు చెబుతుంటే రాసినవాడు. 16వ అధ్యాయంలో వందనాల వరుస నడుస్తుండగా మధ్యలో హఠాత్తుగా గొంతు మారుతుంది. ఈ పత్రిక రాసిన తెర్తియు అనే నేను మీకు వందనాలు చెబుతున్నాను అంటాడు. 22వ వచనం. నాకు ఆ వచనం చాలా ఇష్టం. ఇంత లోతైన పత్రికలో తన పేరు ఒక్కసారి వినిపించాలనుకున్నాడు. పౌలు కొట్టేయమనలేదు. పరిశుద్ధాత్మ కూడా దాన్ని తీసేయలేదు. మరోవైపు హెబ్రీయులకు రాసిన పత్రిక ఉంది. అంత గొప్ప గ్రీకు రాసిన మనిషి ఎవరో ఈ రోజుకీ తెలియదు. పేరున్న పత్రికా దేవుని వాక్యమే, పేరు లేని పత్రికా దేవుని వాక్యమే. కాబట్టి ఫొటో పంపినవాళ్ళను తెర్తియు పక్కన కూర్చోబెడదాం, కోప్పడవద్దు.

అయితే పేరు గురించిన ఆలోచన రాతను పాడుచేయదా అంటే చేస్తుంది. ఇది ప్రసంగం కోసం చెబుతున్నది కాదు. 1985లో అమెరికాలో తెరెసా అమాబైల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ఒక పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. సృజనాత్మక రచన చేసే 72 మందిని తీసుకుని చిన్న చిన్న కవితలు రాయించారు. మధ్యలో కొందరికి ఒక జాబితా ఇచ్చి, మీరెందుకు రాస్తారో వరుసలో పెట్టండి అన్నారు. ఆ జాబితాలో ఉన్నవన్నీ బయటి కారణాలే. మంచి రచనతో మంచి ఉద్యోగాలు వస్తాయి, పుస్తకం బాగా అమ్ముడైతే డబ్బు వస్తుంది వంటివి. ఇంకో గుంపుకు లోపలి కారణాల జాబితా ఇచ్చారు. మాటలతో ఆడుకోవడంలో ఆనందం, మనసులోది చెప్పుకోగలగడం వంటివి. మూడో గుంపుకు జాబితా ఏదీ ఇవ్వలేదు. ఎవరు ఏ గుంపో తెలియని కవులు ఆ కవితలను చదివి నాణ్యత చెప్పారు. బయటి కారణాల గురించి కొద్ది నిమిషాలు ఆలోచించి రాసినవాళ్ళ కవితలే తక్కువగా తేలాయి. డబ్బు ఇవ్వలేదు, బహుమతి పెట్టలేదు. కేవలం ఆ ఆలోచనను కొద్ది నిమిషాలు తలలో పెట్టారంతే.

పాట యూట్యూబులో పెట్టాక గంటగంటకూ వ్యూస్ చూసుకునే మన యువ గాయకులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. మొదటి పాట బాగుంటుంది. దానికి లక్ష వ్యూస్ వస్తాయి. రెండో పాట లక్ష వ్యూస్ కోసం రాస్తారు. అది మనకు వినగానే తెలిసిపోతుంది.

లోపలి కారణాల్లో మనం సంఘాల్లో ఎక్కువగా ఒప్పుకోనిది ఆనందం. మాటలను పేర్చడంలో ఉండే ఆనందం. అది లోక సంబంధమైనదని అనుమానం. కానీ విలాపవాక్యములు తీసి చూడండి. యెరూషలేము కాలిపోయింది, పిల్లలు వీధుల్లో ఆకలితో సొమ్మసిల్లారు. అలాంటి దుఃఖంలో రాసిన అయిదు అధ్యాయాల్లో మొదటి నాలుగు హెబ్రీ అక్షరమాల వరుసలో నడుస్తాయి. హెబ్రీకి 22 అక్షరాలు. అందుకే ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాల్లో 22 వచనాలు. మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి, మొత్తం 66. మన తెలుగు బైబిల్లో అక్షరాలు కనపడవు గానీ లెక్క కనపడుతుంది. అయిదో అధ్యాయంలోనూ 22 వచనాలే, కానీ అక్షరాల వరుస లేదు.

అంత ఏడుపులో ఒక మనిషి తర్వాతి వచనం ఏ అక్షరంతో మొదలవ్వాలో ఎందుకు చూసుకున్నాడు? ఎవరైనా పోయిన ఇంట్లో కూర్చున్నవాళ్ళకు కొంత తెలుస్తుంది. మన పల్లెల్లో ముసలమ్మలు శవం దగ్గర ఏడ్చే ఏడుపుకు కూడా ఒక లయ ఉంటుంది, వరస కలిపి ఏడుస్తారు. వరస లేకపోతే ఏడుపుకు అంతు ఉండదు. అక్షరమాలకు మొదలూ ఉంది, చివరా ఉంది. దుఃఖానికి ఆ రెండూ లేవు. కాబట్టి ఆ దుఃఖాన్ని ఆ గట్ల మధ్య పారనిచ్చాడు. ఇందులో నేర్పు ఉంది, నిజాయితీ కూడా ఉంది. నేర్పు ఉన్నందుకు కన్నీళ్ళు అబద్ధం కాలేదు. ప్రసంగి 12వ అధ్యాయంలో కూడా, సత్యమైన మాటలు రాయాలని చూసిన మనిషి ఇంపైన మాటలు కూడా వెదికాడని ఉంది. నిర్గమకాండము 31లో బెసలేలు దేవుని ఆత్మతో నింపబడింది ప్రసంగించడానికి కాదు, బంగారం, వెండి, ఇత్తడి, చెక్కలతో విచిత్రమైన పనులు చేయడానికి.

దుఃఖంలో రాయడం గురించి కూడా ఒక పరిశోధన ఉంది. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, ఆయన తోటి పరిశోధకురాలు కొందరు కళాశాల విద్యార్థులతో వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయించారు. కొందరు మామూలు విషయాలు రాశారు. కొందరు తమను బాగా కలచివేసిన సంఘటన గురించి, అప్పుడు కలిగిన భావాలతో సహా రాశారు. అలా రాసినవాళ్ళు ఆ రోజుల్లో ఎక్కువ దిగులుపడ్డారు. కానీ తర్వాతి నెలల్లో మిగతావాళ్ళ కంటే తక్కువసార్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు. ఆ తర్వాత ఎంతోమంది ఇదే ప్రయత్నం చేశారు. ఫలితం ఒక్కోచోట ఒక్కోలా వచ్చింది, సగటున చూస్తే లాభం చిన్నదే. రాస్తే రోగాలు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. వైద్యుడి దగ్గరకు వెళ్ళవలసినవాళ్ళు వెళ్ళాలి. అయినా, రాయడం మొదట్లో బాధను పెంచుతుందన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. రాస్తూ ఏడుస్తున్న భార్యను చూసి ఆ పుస్తకం లాగేసుకునే భర్తలు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ మనందరికీ తెలిసిన ఒక పాట వెనక ఉన్న ఇద్దరు స్నేహితుల సంగతి చెప్పాలి. జాన్ న్యూటన్ బానిసల ఓడలకు కెప్టెనుగా పనిచేసి, తర్వాత 1764లో ఇంగ్లండులోని ఓల్నీ అనే చిన్న పట్టణంలో పాదిరి అయ్యాడు. అక్కడివాళ్ళలో చాలామంది లేసులు అల్లుకుని బతికే పేదలు. వాళ్ళ ప్రార్థన కూటాలకు, తన ప్రసంగాలకు తగిన పాటలు కావాలి కాబట్టి ఆయన పాటలు రాసేవాడు. ప్రపంచమంతా పాడే 'అమేజింగ్ గ్రేస్' అలా వచ్చిందే. 1773 జనవరి 1న, మొదటి దినవృత్తాంతములు 17వ అధ్యాయం మీద చేసిన ప్రసంగానికి జతగా సిద్ధం చేసిన పాట అది. ఆయన్ను రాయించింది మెరుపులాంటి దర్శనం కాదు, రాబోయే ఆరాధన. గడువు. సంఘంలో ఆదివారం లోపల పాట కావాలి అన్నందుకే రాసిన మంచి పాటలు మన దగ్గర కూడా ఎన్ని లేవు?

ఆ ఊళ్ళోనే విలియం కూపర్ ఉండేవాడు. న్యూటన్ కంటే మంచి కవి. ఇద్దరూ కలిసి రాసిన ఓల్నీ పాటల పుస్తకం 1779లో అచ్చయింది. అందులో 348 పాటలు ఉన్నాయి. ఎక్కువ న్యూటన్‌వి, కూపర్‌వి అరవై పైచిలుకు. పుస్తకం రావడానికి ఆరేళ్ళు ముందే కూపర్ పాటలు ఆగిపోయాయి. న్యూటన్ ఆ కృప పాట సిద్ధం చేసిన 1773 జనవరిలోనే కూపర్ మనసు పూర్తిగా దెబ్బతింది. దేవుడు తనను విడిచిపెట్టాడన్న నమ్మకం ఆయనలో నాటుకుపోయింది. అది చివరిదాకా వదల్లేదు. న్యూటన్ ఆయన్ను ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాడు.

పాటలు ఆగాయి గానీ రాత ఆగలేదు. కుందేళ్ళు పెంచాడు, వడ్రంగం చేశాడు, తోటపని చేశాడు. అవన్నీ మనసును చీకటినుంచి మళ్ళించుకోవడానికే. రాయడం కూడా అందుకే. ఒకసారి లేడీ ఆస్టెన్ అనే స్నేహితురాలు పెద్ద కావ్యం ఏదైనా రాయమంది. విషయం చెప్పు, రాస్తానన్నాడు. దేనిమీదైనా రాయగలవు, ఈ సోఫా మీద రాయి అంది. సరే అని సోఫాతోనే మొదలుపెట్టాడు. 1785లో వచ్చిన ఆ కావ్యం సోఫా దాటి పొలాలకు, చలికాలపు సాయంత్రాలకు, చివరికి బానిస వ్యాపారం అనే పాపం దాకా వెళ్ళింది. ఒక స్నేహితురాలి సరదా మాట ఒక మనిషికి ఎన్నో నెలలు బతకడానికి పని ఇచ్చింది. మన సంఘాల్లో డిప్రెషన్‌తో ఉన్నవాళ్ళకు మనం ఎక్కువగా ఉపదేశాలు ఇస్తాం. ఒక సోఫా ఇవ్వాలని ఎవరికీ తోచదు.

ఆయన చివరి రోజుల్లో, 1799లో, ఓడనుంచి సముద్రంలో పడిపోయిన ఒక నావికుడి గురించి కవిత రాశాడు. ఆ నావికుణ్ణి ఎవరూ రక్షించలేకపోయారు. తన సంగతి కూడా అంతేనని, ఇంకా ఘోరమని కూపర్ దానిలో చెప్పుకున్నాడు. మరుసటి సంవత్సరం చనిపోయాడు. ఆయన రాసిన పాటలు నేటికీ పాటల పుస్తకాల్లో ఉన్నాయి. ఈ కవిత ఏ పాటల పుస్తకంలోనూ చేరదు. చేరకపోవడం నాకు అర్థమవుతుంది, అది ఆరాధనలో పాడేది కాదు. కానీ 88వ కీర్తన బైబిల్లో ఉందిగా. ఎజ్రాహీయుడైన హేమాను రాసినది. చాలా విలాప కీర్తనల్లో చివరికి ఒక మలుపు, స్తుతి వస్తుంది. ఇందులో రాదు. చీకటితోనే ముగుస్తుంది. అది కూడా గాయకులకు అప్పగించిన కీర్తనే.

ఈ విషయంలో మాలాంటి పత్రికలవాళ్ళ తప్పు కూడా ఉంది. సాక్ష్యం అంటే చివర జయం ఉండాలని మేమే అలవాటు చేశాం. ఉద్యోగం వచ్చాక రాస్తారు, బిడ్డ పుట్టాక రాస్తారు, స్వస్థత పొందాక రాస్తారు. ఇంకా రానివాళ్ళు, ఇంకా కాచుకుని ఉన్నవాళ్ళు రాయరు. రాస్తే చివర్లో తమకు నమ్మకం లేని రెండు వాక్యాలు అతికించి పంపుతారు.

మన తెలుగువాళ్ళ సంగతికి వస్తే, మనం పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి (1803–1890) గారివి ఎన్ని ఉన్నాయో చూడండి. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన మనిషి. కొత్త విశ్వాసానికి ఆయన దొరల రాగాలు అరువు తెచ్చుకోలేదు. తనకు చిన్ననాటినుంచీ తెలిసిన కీర్తన పద్ధతి, రాగం, తాళం ఆ విశ్వాసానికి అప్పగించాడు. తాను ప్రేమించినదాన్ని తాను బాగా ఎరిగిన భాషలోనే చెప్పుకోవాలన్న కోరిక ఎంత బలమైనదో ఆ కీర్తనల నెత్తిన అచ్చయ్యే రాగం పేరు, తాళం పేరు చెబుతాయి.

గుఱ్ఱం జాషువా (1895–1971) గారి కారణం వేరు. అది యిర్మీయా కారణానికి దగ్గర. తనకు ఇద్దరు గురువులని, ఒకరు పేదరికం, ఇంకొకరు కుల మత భేదమని ఆయన చెప్పుకున్నారు. మొదటిది ఓర్పు నేర్పితే, రెండోది ఎదిరించే శక్తినిచ్చిందట. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడిలోకి వెళ్ళగలిగే గబ్బిలం చేత తన మొర పంపుకుంటాడు. కాళిదాసు మేఘాన్ని పంపినచోట ఈయన గబ్బిలాన్ని పంపారు. పండితులు కులం చూసి ఆయన్ను అవమానించారు, ఇది మనం తరచూ చెప్పుకుంటాం. క్రైస్తవుడై ఉండి పురాణ కథలు రాస్తాడేమిటని మనవాళ్ళే ఆయన్ను నిరసించి దూరం పెట్టారన్నది మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. రెండు వైపులా తలుపులు మూసినా ఆయన రాశారు. 'క్రీస్తు చరిత్ర' కూడా రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పురస్కారం వచ్చాక ఆయన మనవాడని చెప్పుకోవడంలో మనం ఎవరికీ తీసిపోలేదు.

చివరిగా, నేనసలు రాయలేను అనేవాళ్ళ గురించి ఒక పాత సంగతి. ఏడో శతాబ్దంలో ఇంగ్లండులో విట్బీ మఠం దగ్గర కేడ్మన్ అనే పశువుల కాపరి ఉండేవాడు. అప్పటికే వయసు మళ్ళినవాడు. చరిత్రకారుడైన బీడ్ అనే సన్యాసి ఆయన కథ రాశాడు. విందుల్లో వీణలాంటి వాద్యం ఒకరి తర్వాత ఒకరి చేతికి అందిస్తూ, అందినవాళ్ళు పాడాలనేది అక్కడి మర్యాద. అది తన వైపు వస్తోందనగానే కేడ్మన్ లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. పాటలు రావు, సిగ్గు. ఒక రాత్రి అలా వెళ్ళి పశువుల కొట్టంలో పడుకుంటే, కలలో ఎవరో పేరు పెట్టి పిలిచి నాకోసం పాడు అన్నారు. నాకు పాడటం రాదు, అందుకే కదా విందునుంచి వచ్చేశాను అన్నాడు. అయినా పాడాలి అన్నారు. ఏం పాడను అంటే, సృష్టి మొదలును పాడు అన్నారు. పొద్దున్న లేచేసరికి ఆ పాట అతనికి గుర్తుంది. మఠాధిపతురాలు హిల్డా అతన్ని మఠంలో చేర్చుకుంది. అతనికి చదువు రాదు. అక్కడివాళ్ళు లేఖనాల్లోని సంగతులు చెప్పేవారు. అతను విని, ఆవు నెమరు వేసినట్టు నెమరు వేసి, మరునాటికి పాటగా ఇచ్చేవాడని బీడ్ రాశాడు. పశువుల కాపరికి అంతకంటే తగిన పోలిక ఏముంటుంది!

కేడ్మన్‌కు దర్శనం వచ్చిందన్నదే మనం పట్టుకుంటాం. ఆ కథలో అతన్ని ఎవరో అడిగారన్నది కూడా ఉంది. విందులో అడిగినట్టు నలుగురిలో నిలబెట్టి కాదు, పేరు పెట్టి, ఒంటరిగా, అతను ఉన్న కొట్టానికే వచ్చి అడిగారు. ఏ విషయం మీదో కూడా చెప్పారు. తెల్లారాక హిల్డా లాంటి మనిషి విని, నమ్మి, చోటిచ్చింది. ఎవరు రాయమన్నారు నిన్ను అనే ఇళ్ళల్లో, రాయమని అడిగే మనిషి ఒక్కరుంటే ఎన్ని పుస్తకాలు వెనక పేజీల్లోంచి ముందుకు వచ్చేవో.

కాబట్టి ఈ వారం మేమే అడుగుతున్నాం. విషయం కావాలంటే మీ ఇంట్లో ఉన్న ఏ వస్తువైనా సరే, కుట్టుమిషను, మీ నాన్నగారి పాత గొడుగు, చర్చి గంట తాడు. కవిత అయినా, కథ అయినా, పాట అయినా పంపవచ్చు. చేతిరాత అయితే కాగితానికి ఒకవైపే రాయండి, మార్జిను వదలండి. ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, మేము తిరిగి పంపలేం. చివర జయం లేకపోయినా ఫర్వాలేదు, అతికించవద్దు. దేవుని మహిమ కొరకే రాశానని వేరే రాయనక్కర్లేదు. పేరు వేయాలో వద్దో మాత్రం స్పష్టంగా తెలపండి. వేయమనడానికి సిగ్గుపడవద్దు. ఫొటో అక్కర్లేదు.